ఇద్దరు లెస్లీలండీ, ఒక్కరు కాదు

ఇంగ్లండ్ అంతర్యుద్ధంలో, మార్‌స్టన్ మూర్ పోరులో పార్లమెంటు పక్షపు సేనాని క్రామ్‌వెల్‌తో కలిసి పోరాడిన స్కాట్లండ్ సేనాని లెస్లీయే డన్‌బార్‌లో అతని చేతిలో ఎలా ఓడాడు, ఒకచోట మరణం 1661 అని, ఇంకోచోట 1682 అని ఎందుకుంది అని అడిగారు కదా. మీరు ఇద్దరిని కలిపేశారు. 1661లో పోయింది పెద్దాయన అలెగ్జాండర్ లెస్లీ, బిరుదు లెవెన్ ఎర్ల్. 1644లో మార్‌స్టన్ మూర్‌లో స్కాట్ సైన్యాధిపతి ఆయనే, అయితే ఓడిపోయామనుకుని మధ్యలోనే మైదానం వదిలి పరుగుతీశాడు, తీరా గెలిచింది వాళ్లే!

అదే పోరులో క్రామ్‌వెల్ గుర్రపు దళానికి అండగా నిలిచింది డేవిడ్ లెస్లీ, మీక్కావలసింది ఈయనే. 1645లో ఫిలిప్‌హాలో రాజపక్షపు సేనాని మాంట్రోజ్‌ను చిత్తు చేశాడు. తర్వాత స్కాట్లు రాజు పక్షానికి మారడంతో క్రామ్‌వెల్‌కు ఎదురు నిలిచి, 1650లో డన్‌బార్ దగ్గర డూన్ కొండ మీద మంచి పట్టున్నా కిందికి దిగి దెబ్బతిన్నాడు (తప్పు ఆయనదా, మతపెద్దల ఒత్తిడా అన్నది తెగని గొడవ). మరుసటి ఏడు వూస్టర్ యుద్ధంలో ఓటమి తర్వాత పట్టుబడి 1660 దాకా లండన్ టవర్‌లో ఖైదు. లార్డ్ న్యూఆర్క్ బిరుదు వచ్చింది 1661లో, మరణం 1682లో.