పోటు తవ్వితే ఆటు పూడ్చేయదా?

ప్రశ్న: కెరటం వెనక్కి తీసేటప్పుడు మడమల కింద ఇసుక జారిపోతుంది కదా. సముద్రంలో పాతిన స్తంభాలకూ ఇంతేనా? అయినా పోటు తవ్వుకుపోయిన ఇసుకని ఆటు మళ్లీ తెచ్చి పోస్తుందిగా, ఇక భయమెందుకు?
– ఒక పాఠకురాలు

జవాబు: పోస్తుందమ్మా. తంటా అంతా అక్కడే.

ముందు తవ్వకం సంగతి. నీటి వేగం పైన ఎక్కువ, నేల దగ్గర తక్కువ. అందుకని స్తంభానికి కొట్టుకున్న నీటిలో కొంత దాని ముఖం వెంటే కిందికి దూకుతుంది. నేలని తాకి సుడి తిరిగి, గుర్రపు నాడాలా రెండు పక్కలకీ చుట్టుకుంటుంది. ఇసుకని పెళ్లగించేది ఆ సుడే. ఒకే దిక్కున పారే నీటిలో గుంత లోతు స్తంభం వ్యాసానికి సుమారు 1.3 రెట్లని లెక్క కడతారు. ఇంగ్లండులో నార్‌ఫోక్ తీరాన స్క్రోబీ శాండ్స్ గాలిమరల స్తంభాలు 4.2 మీటర్ల వ్యాసమున్నవి. వాటి చుట్టూ 5 మీటర్ల దాకా గుంతలు పడ్డాయి.

ఇక ఆటుపోట్లు. నీరు దిక్కు మారగానే స్తంభానికి ముందువైపు కాస్తా వెనకవైపు అవుతుంది. అందుకే నదిలోలా గుంత ఒక పక్కకే సాగదు, రెండు వైపులా పడుతుంది. ప్రవాహం మందగించినప్పుడు కొంత ఇసుక గుంతలో దిగుతుంది. డైవర్లు దిగేదీ సరిగ్గా ఆ వేళకే, నీరు నిలకడ పట్టినప్పుడే! నేను నీటి అడుగు తనిఖీల్లో ఉన్నప్పుడు ఒక పియర్ (వంతెనని మోసే స్తంభం) దగ్గర గుంత పెద్దగా లేదని రాసేయబోయాం. డైవరుకి ఎందుకో అనుమానం వచ్చి ఇనుప ఊచ గుచ్చాడు. చేత్తో అదిమితే చాలు, మీటరుకు పైగా దిగిపోయి, అప్పుడు కర్రుమని ఆగింది. ఆ పైనున్నదంతా నిన్నమొన్న పేరుకున్న వదులు ఇసుక. అది పియర్‌ని పట్టి నిలపదు, అమావాస్య పౌర్ణములకు పోటు జోరెక్కితే మొదట లేచిపోయేదీ అదే. అప్పట్నుంచీ ఊచ గుచ్చకుండా రాసిన రిపోర్టు మీద నేను సంతకం పెట్టలేదు.

రాళ్లు పోస్తే సరిపోదా అని మీరు తర్వాత అడుగుతారు, తెలుసు. పెద్ద రాళ్లని నేరుగా ఇసుక మీద పోస్తే సందుల్లోంచి ఇసుక జారిపోయి రాళ్లే కుంగుతాయి. కింద కంకర పరవాలి. అప్పుడూ కోత రాళ్ల అంచు దగ్గర మొదలవుతుంది. ఐర్లండులో మాలహైడ్ దగ్గర ఆటుపోట్ల నీటి మీదున్న రైలు వంతెనకి పియర్ల చుట్టూ రాళ్లకట్టే ఉండేది. 2009 ఆగస్టు 21న దానికి గండి పడి, కోతకి ఒక పియర్ కూలింది. అప్పుడే వంతెన దాటుతున్న రైలు డ్రైవరు చూసి చెప్పబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. రాళ్లు కొట్టుకుపోయినప్పుడల్లా తెచ్చి పోస్తుండాలని పాతతరం సిబ్బందికి తెలుసు. వాళ్ల తర్వాత ఆ సంగతి మరుగున పడిపోయింది.