దసరా సెలవులు అయ్యాక కూడా తగ్గని నీరసం

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. విజయనగరం దగ్గర ప్రభుత్వ బడిలో టీచర్ని. మా అత్తగారు ఏడాదిగా మంచం మీదే ఉన్నారు, బాబు ఇంటర్. రాత్రి ఎనిమిది గంటలు పడుకున్నా పొద్దున్న ఒళ్లు బరువుగానే ఉంటోంది. ఎంతో ఇష్టంగా పాఠం చెప్పేదాన్ని, ఇప్పుడు పిల్లలు సందేహం అడిగితేనే విసుగు. మార్కులు రెండుసార్లు తప్పు ఎక్కించాను. దసరా సెలవుల్లో తేరుకుంటాననుకుంటే పైడితల్లమ్మ పండగకి చుట్టాలొచ్చారు. బడి తెరిచిన రెండో రోజుకే మళ్లీ మామూలే. ఇది బద్ధకమా, జబ్బా?
- ఒక టీచర్, విజయనగరం

జవాబు: బద్ధకం కానే కాదమ్మా. పడుకున్నా తీరని అలసట, ఇష్టమైన పని మీద విసుగు, చేతికొచ్చిన పనిలోనే తప్పులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్న్‌అవుట్‌కి చెప్పిన మూడు లక్షణాలూ ఇవే. దాన్ని జబ్బుల్లో చేర్చలేదు. చాలాకాలంగా చక్కబడని ఉద్యోగ ఒత్తిడి ఫలితం అంది. ఇంట్లో మంచం పట్టిన మనిషికి చేసే సేవ ఆ నిర్వచనంలో లేదు గానీ, మీ ఒంటికి మాత్రం అది రెండో డ్యూటీయే.

అయితే బర్న్‌అవుట్ అని తేల్చేసుకునే ముందు రక్తపరీక్ష చేయించుకోండి. ఈ వయసులో ఇదే నీరసం రక్తహీనత వల్లా, థైరాయిడ్ వల్లా, షుగర్ వల్లా రావచ్చు. సీబీసీ (రక్తకణాల లెక్క), టీఎస్‌హెచ్ (థైరాయిడ్), హెచ్‌బీఏ1సీ (షుగర్), విటమిన్ బీ12, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు) అన్నిటికీ రక్తం ఒక్కసారే ఇవ్వండి. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే రక్తహీనత ఉన్నట్టే. జుట్టు ఊడుతోందని బయోటిన్ మాత్రలు వాడుతుంటే రెండు రోజుల ముందే ఆపాలి, లేకపోతే థైరాయిడ్ రిపోర్టు తప్పుగా రావచ్చు. మన దేశంలో సగటున 46, 47 ఏళ్లకే ముట్లుడిగిపోతాయి. అంతకు కొన్నేళ్ల ముందు నుంచే ఒంట్లో ఆవిర్లు, రాత్రి చెమటలు, మధ్యలో మెలకువలు మొదలవుతాయి. ఎనిమిది గంటలు మంచం మీద ఉన్నా నిద్ర ముక్కలైపోతే లాభం లేదు. గంటకో ప్యాడ్ మార్చాల్సి వచ్చినా, ఏడాది ఆగిన నెలసరి మళ్లీ కనిపించినా ఆలస్యం చేయకుండా గైనకాలజిస్టుకి చూపించుకోండి.

ఇక సెలవుల సంగతి. నల్లబల్ల దగ్గర నుంచి పొయ్యి దగ్గరికి మారారు, అంతే. బరువు దించుకోనే లేదు. చాలామంది ఇక్కడే పొరపడతారు. ఉన్న పనులన్నీ అలాగే ఉంచి, పైన యోగా క్లాసు ఒకటి తగిలిస్తారు. అది ఇంకో పనవుతుంది. ముందు ఏదో ఒకటి తగ్గాలి.

ఒక వారం పాటు కాగితం మీద రాయండి: ఏ పని, ఎంతసేపు, దాన్ని గుర్తుపెట్టుకునేది ఎవరు. మూడో గడి నిండా మీ పేరే ఉంటుంది. అందులోంచి ఒక్క పనిని మొదలు నుంచి చివరి దాకా ఇంకొకరికి అప్పగించండి. ఉదాహరణకి అత్తగారి మందులు. మీరు గుర్తుచేస్తే మీవారు మాత్ర ఇవ్వడం వరకైతే అది సాయమే, బరువు మీ తల మీదే ఉంటుంది. వారానికి సరిపడా గళ్ల డబ్బా కొని, ఆదివారం సాయంత్రం ఆయనే నింపాలి. షీట్‌లో నాలుగు మాత్రలు మిగలగానే కొత్తది తేవాల్సిందీ ఆయనే. పొరపాట్లు జరగకుండా ఏ మాత్ర ఏ పూటో డాక్టరు చీటీ చూసి డబ్బా మూతకి అంటించండి. మొదటి రెండు వారాలు వెనకాల నిలబడి సరిదిద్దాలనిపిస్తుంది. దయచేసి ఆగండి, అలా సరిదిద్దితే పని మళ్లీ మీ దగ్గరికే వస్తుంది. నెల తర్వాత రెండో పని అప్పగించండి. బడిలో కూడా హెచ్‌ఎం గారితో మాట్లాడి, పాఠాలు కాని అదనపు పని ఒకటి ఈ టర్మ్‌కి తీయించుకోండి.

మధ్యాహ్నం రెండు దాటాక టీ, కాఫీ వద్దు. ఆదివారమైనా రోజూ లేచే వేళకే లేవండి. నడక పది నిమిషాలతో మొదలుపెట్టి, మర్నాడు ఒళ్లు మరీ తూలకపోతేనే పెంచండి. కోలుకోవడానికి నెలలు పడుతుంది. పది రోజులకి కాస్త హుషారు రాగానే వదిలిన పనులన్నీ మళ్లీ నెత్తికెత్తుకుంటే మొదటికొస్తారు.

ప్రశ్న: నాకు 44. పలాసలో జీడిపప్పు పనికెళ్తాను. పొద్దస్తమానం కింద కూర్చునే పని. రాత్రికి నడుం, మోకాళ్లు పీకేస్తాయి. మందుల షాపులో అడిగి నొప్పిమాత్ర వేసుకుంటేనే నిద్ర. అలా ఆరు నెలలైంది. నీరసం మాత్రం పోలేదు. బలానికి ఏమైనా చెప్పండి.
- పలాస

జవాబు: అమ్మా, ముందు ఆ మాత్ర ఆపండి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి రోజూ వాడితే కిడ్నీలకి దెబ్బ. మీది ఉద్దానం ప్రాంతం. అక్కడ కిడ్నీ జబ్బు ఎందుకంత ఎక్కువో ఇంకా పూర్తిగా తేలలేదు, మనం చేతులారా ఇంకో కారణం కలపకూడదు. కిడ్నీ జబ్బు మొదట్లో నొప్పి ఉండదు, ఒక్కోసారి ఈ నీరసమే ఉంటుంది. ఈ వారంలోనే ప్రభుత్వాసుపత్రిలో క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్, హిమోగ్లోబిన్ పరీక్షలు అడగండి. అప్పటిదాకా నొప్పికి వేడినీటి కాపడం, తప్పదనుకుంటే పారాసెటమాల్ 500.

రక్తం తక్కువని ఐరన్ మాత్ర రాస్తే టీతో మింగకండి, టీ ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు. టీకి, మాత్రకి గంటైనా ఎడముండాలి. నిమ్మరసంతో అయితే బాగా పడుతుంది. విరేచనం నల్లగా అవుతుంది, భయం లేదు. థైరాయిడ్ మాత్ర కూడా ఉంటే రెంటికీ నాలుగు గంటల తేడా ఉంచండి. రక్తం పెరిగిందని వెంటనే ఆపేయకూడదు, ఇంకో మూడు నెలలు వాడాలి.

పొద్దున్న చోడి (రాగి) అంబలి తాగుతుంటే మానకండి, తోడు ఒక గుడ్డు తినండి. పనిలో అరగంటకోసారి లేచి నిలబడి నడుం సాగదీయండి. లేస్తే కూలి తగ్గుతుందని లేవరని మాకు తెలుసు. రెండు నిమిషాలు చాలు.

ప్రశ్న: మా అమ్మకి 52. రాజాంలో ఉంటుంది. మూడు వారాలుగా టీవీ వద్దంటోంది, మనవడు ఫోన్ చేసినా మాట్లాడటం లేదు. తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటోందట. "నేనుండి ఎవరికి ఉపయోగం" అంటోంది. పని ఎక్కువై అలసిపోయిందనుకోవాలా?
- ఒక కూతురు, విశాఖపట్నం

జవాబు: అలా అనుకోవద్దు. పని భారంతో అలసిన మనిషికి ఆ భారం కాసేపు పక్కన పెడితే మనవడి గొంతు వినగానే ముఖం విచ్చుకుంటుంది. రెండు వారాలు దాటినా దేని మీదా ఇష్టం లేకపోవడం, తెల్లవారకముందే మెలకువ, ఆ మాట... ఇవి డిప్రెషన్ లక్షణాలు, దానికి మంచి వైద్యం ఉంది. ఈ రోజే 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అది, ఉచితం, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఈ వారంలోనే మానసిక వైద్యుడికి చూపించండి. "చనిపోవాలనిపిస్తోందా అమ్మా?" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. ఔనంటే ఒంటరిగా వదలకండి, పురుగుమందులు, మాత్రల డబ్బాలు ఇంట్లోంచి తీయించి, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.