రోడ్ బైక్ మీద వాఖావ్ లోయ: ఏ గట్టున వెళ్లాలి?

ఆస్ట్రియాలో డాన్యూబ్ నది వెంట ఉన్న వాఖావ్ లోయలో రోడ్ బైక్ (సన్న టైర్ల సైకిల్) మీద ఏ గట్టున వెళ్లాలని అడిగారు; వియన్నా నుంచి ఒక్కరోజులో వెళ్లి రావాలి, మీ ఆవిడకి ఎత్తులు ఎక్కే అలవాటు లేదు అన్నారు కదండీ. టెన్షన్ వద్దు. రైల్లో మెల్క్ ఊరికి వెళ్లి, డాన్యూబ్ వాలునే క్రెమ్స్ ఊరి దాకా తొక్కండి. 40 కిలోమీటర్ల లోపే, దాదాపు చదును దారి. ఉత్తర గట్టున రద్దీ ఎక్కువ, అందుకని మొదట దక్షిణ గట్టు పట్టుకోండి. మధ్యలో వంతెన లేదు; ఆర్న్స్‌డోర్ఫ్ దగ్గర పడవెక్కి ఉత్తర గట్టునున్న స్పిట్జ్ చేరాలి. ఆ పడవకి ఇంజనుండదు, తీగ ఆధారంగా ప్రవాహమే దాటించేస్తుంది! అక్కడి నుంచి మెట్లు మెట్లుగా ద్రాక్షతోటలు, ఆ తర్వాత 1192లో ఇంగ్లండు రాజు రిచర్డ్‌ని బంధించిన డ్యూర్న్‌స్టైన్. ఊళ్లో రాతిబాట మీద సన్న టైర్లతో ఒళ్లు హూనమవుతుంది, దిగి నడిపించండి. మీకు కొండ ఎక్కాలని సరదాగా ఉంటే స్పిట్జ్ పైన 960 మీటర్ల యావర్లింగ్ ఉంది. వైన్ మాత్రం క్రెమ్స్ చేరాకే.