టెక్ సందేహాలు: యాప్ చెప్పిన కార్బురేటర్ కొనొచ్చా?

ప్రశ్న: మాది బంగారుపాళ్యం దగ్గర. తోతాపురి కాయలు ఫ్యాక్టరీకి తోలడానికి నాన్న కాలం నాటి మహీంద్రా పెట్రోల్ పికప్ ఇంకా వాడుతున్నాం. 2.2 లీటర్ల హరికేన్ ఇంజిన్. ఐడ్లింగ్ నిలవదు, లోడుతో మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడు దగ్గుతుంది. కార్బురేటర్ మారుద్దామని ఫోన్‌లో ఒక యాప్‌లో లెక్క వేస్తే 233 సీఎఫ్ఎం అని వచ్చింది. చిత్తూరులో షాపతను డబుల్ బ్యారెల్ (రెండు గొంతుల) వెబర్ కంపెనీ కార్బురేటర్ వేసుకోమంటున్నాడు. కొనమంటారా?

జవాబు: వద్దు. యాప్‌కు లెక్క వచ్చు, మీ బండే తెలీదు. సీఎఫ్ఎం అంటే నిమిషానికి ఇంజిన్ పీల్చే గాలి, ఘనపుటడుగుల్లో. ఇంజిన్ సైజును ఘనపుటంగుళాల్లో తీసుకుని, ఆర్‌పీఎంతో గుణించి, 3456తో భాగిస్తారు. (ఘనపుటడుగుకు 1728 ఘనపుటంగుళాలు, రెండు చుట్లకోసారి గాలి పీలుస్తుంది కాబట్టి దానికి రెట్టింపు.) మీది 134 ఘనపుటంగుళాలు. 233 వచ్చిందంటే యాప్ 6000 ఆర్‌పీఎం వేసుకుని, సిలిండర్లు నూటికి నూరు శాతం నిండుతాయని అనుకుంది. హరికేన్ పూర్తి పవర్ ఇచ్చేదే 4000 దగ్గర. ఇంత పాత ఇంజిన్ 80 శాతం నిండితే సంతోషించాలి. ఆ అంకెలు వేసి చూడండి, 124 వస్తుంది.

పెద్దది వేస్తే నష్టమేంటంటారా? కార్బురేటర్ మధ్యలో సన్నగా ఉండే వెంచురీలో గాలి వేగంగా పోతేనే జెట్ (పెట్రోల్ వచ్చే సన్నని రంధ్రం) నుంచి పెట్రోల్ లాగుతుంది. అది వెడల్పైతే తక్కువ ఆర్‌పీఎంలో గాలి వేగం తగ్గి, పెట్రోల్ సరిగా కలవదు. లోడుతో సెకండ్ గేర్‌లో ఘాట్ ఎక్కే బండికి సరిగ్గా అక్కడే దెబ్బ. పైగా ఈ ఇంజిన్‌లో ఇన్‌టేక్ మానిఫోల్డ్ (కార్బురేటర్ నుంచి సిలిండర్లకు మిశ్రమం తీసుకెళ్లే గొట్టం) విడిగా ఉండదు, హెడ్‌లోనే పోత పోసేశారు. వేరే కార్బురేటర్ కూర్చోవాలంటే అడాప్టర్ ప్లేటు, కొత్త లింకేజి, ఎయిర్ క్లీనర్ మార్పు, అన్నీ మీ నెత్తినే పడతాయి.

అసలు కార్బురేటరే దోషా? ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉండగా స్పిండిల్‌ను (కార్బురేటర్‌లో యాక్సిలరేటర్‌తో తిరిగే కడ్డీని) చేత్తో కదిపి చూడండి. ప్లే (వదులు) ఉండి, కదిపినప్పుడల్లా ఐడ్లింగ్ మారుతుంటే అక్కడినుంచి గాలి దూరుతున్నట్టే. అప్పుడు రిపేర్ కిట్ వేసినా ప్రయోజనం లేదు. స్పిండిల్‌కు బుష్ వేయించాలి, లేదా అదే మోడల్ కొత్తది కొనాలి. స్పిండిల్ గట్టిగా ఉంటే ప్యాకింగులు, నీడిల్, డయాఫ్రం ఉన్న కిట్ చాలు. ఘాట్‌లో మాత్రమే, అదీ మధ్యాహ్నం ఎండలో మాత్రమే దగ్గుతుంటే ముందు ఫ్యూయల్ పంపును, సైలెన్సర్ పైపు పక్కనుంచి పోయే పెట్రోల్ పైపును అనుమానించండి. అక్కడ పెట్రోల్ ఆవిరైపోతుంటే ఏ కార్బురేటర్ వేసినా బండి దగ్గుతుంది.

కొనాల్సి వస్తే పాతదాని మీదున్న నంబరు, బేస్ బోల్టుల మధ్య దూరం, గొంతు వ్యాసం కొలిచి రాసుకుని షాపుకెళ్లండి. పాతదాన్నే సంచిలో పట్టుకెళితే ఇంకా మంచిది. ఇంకో సంగతి: ఇప్పుడు బంకుల్లో దొరికే ఈ20 పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్. దీనికి గాలి కాస్త తక్కువ, ఇంధనం కాస్త ఎక్కువ కావాలి. మీది సోలెక్స్ కంపెనీ కార్బురేటర్ అయితే మెయిన్ జెట్ మీది అంకె మిల్లీమీటరులో వందో వంతుల లెక్క. 120 అంటే 1.20 మి.మీ. రంధ్రం. ప్లగ్గు తెల్లబడుతుంటే పెట్రోల్ తక్కువైనట్టే, ఒక సైజు పెంచి చూడండి, నల్లగా మసి పడుతుంటే పెంచొద్దు. కిట్ కొనేటప్పుడు రబ్బరు ఇథనాల్‌కు తట్టుకుంటుందో లేదో అడగండి. పాత స్టాకు డయాఫ్రంలు ఉబ్బిపోతాయి.

ప్రశ్న: మా పాత కార్బురేటర్ ఓమ్నీకి ఆన్‌లైన్‌లో దొరికే బ్లూటూత్ ఓబీడీ స్కానర్ పనిచేస్తుందా? (తిరుపతి నుంచి)

జవాబు: పనిచేయదు. స్కానర్ మాట్లాడేది ఇంజిన్ కంప్యూటర్‌తో, మీ బండిలో అది లేదు. ఆ డబ్బుతో వాక్యూమ్ గేజ్ (ఇంజిన్ పీల్పును కొలిచే మీటరు) కొని మానిఫోల్డ్‌కు తగిలించండి. ఐడ్లింగ్‌లో సూది వణక్కుండా 17 నుంచి 21 అంగుళాల (పాదరసం లెక్కలో) మధ్య నిలబడితే ఇంజిన్ ఫర్వాలేదు.