జిల్లా సమన్వయకర్తగా బాధ్యత తీసుకున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

మన పక్షి వీక్షకుల సంఘానికి శ్రీకాకుళం జిల్లా సమన్వయకర్తగా ఉండేందుకు ఒప్పుకున్నావని తెలిసి సంతోషించాను. ఇది జీతం లేని పని, పైగా సెలవు రోజుల్లోనే మీద పడే పని కాబట్టి, దేనికి సమయం పెట్టాలో ముందే తేల్చుకుంటావని ఈ ఉత్తరం రాస్తున్నాను.

శ్రీకాకుళం పట్టణంలో ఉన్న సభ్యుల గురించి బెంగ పెట్టుకోవద్దు. వాళ్లకు ఒకరి ఇల్లు ఒకరికి తెలుసు. ఆదివారం పొద్దున్నే ఒకరు బండి తీస్తే ఇంకొకరు వెనక ఎక్కుతారు. నీ అవసరం ఉన్నది 100 కిలోమీటర్లకు పైగా దూరాన ఇచ్ఛాపురం వైపు ఒంటరిగా ఉన్న బడిపంతులుకు, పలాసలో జీడిపప్పు వ్యాపారం చూసుకుంటూ సాయంత్రం చెరువు గట్టున అరగంట నిలబడే మనిషికి. అలాంటివారికి కొత్త పిట్ట కనబడినా చెప్పుకునేందుకు పక్కన ఎవరూ ఉండరు. ఏడాదో రెండేళ్లో చూసి, చందా కట్టడం మానేస్తారు.

అందుకని మొదటి నెలలో వాట్సాప్‌లో ఒక సందేశం పెట్టి ఊరుకోకుండా ఒక్కొక్కరికీ ఫోన్ చెయ్యి. నడిచి వెళ్లగలిగే దూరంలో ఏ చెరువు ఉంది, వారంలో ఏ పూట ఖాళీ, బైనాక్యులర్స్ ఉన్నాయా లేదా అని అడిగి, మండలాలవారీగా ఒక పుస్తకంలో రాసుకో. ఆ తరువాత పక్కపక్క మండలాల సభ్యులను ఒకరికొకరిని పరిచయం చేసి, నువ్వు పక్కకు తప్పుకో. అందరూ నీ ద్వారానే మాట్లాడుకోవాలన్న ఏర్పాటు పెట్టుకుంటే, నీకు పరీక్షలో పెళ్లో బదిలీయో వచ్చిన నెలలో జిల్లా అంతా మూగబోతుంది. వాట్సాప్ గ్రూపును పక్షుల కబుర్లకే ఉంచు; శుభోదయం బొమ్మల మీద నాకు కక్ష ఏమీ లేదు గానీ, వాటి కింద పడి ఇచ్ఛాపురం పంతులుగారి ఫొటో ఎవరికీ కనబడకుండా పోతుంది.

నీకు అసలు పరీక్ష జనవరిలో వస్తుంది. మన ఉపఖండంలో 1987లో మొదలైన నీటిపక్షుల గణన ఏటా ఆ నెలలోనే, ఎక్కువగా స్వచ్ఛంద కార్యకర్తల చేతుల మీదుగా జరుగుతుంది. దానికి జనవరిలో పిలుపునిస్తే ఆలస్యమైనట్టే. కార్తీక వనభోజనాలు ముగియగానే ఏ చెరువు ఎవరిదో పంచెయ్యి. వీలైనంతవరకు ఏటా అదే చెరువును అదే మనిషికి అప్పగిస్తే, ఒక ఏడాది లెక్కను మరో ఏడాది లెక్కతో పోల్చే వీలుంటుంది. మన జిల్లాలోని తేలినీలాపురం ఊళ్లో చెట్ల మీద గూళ్లు పెట్టే గూడబాతులూ (పెలికాన్లు) పెయింటెడ్ స్టార్క్ కొంగలూ మేతకు నౌపడ బీల, అంటే ఉప్పుమళ్లున్న చిత్తడి నేలవైపు వెళ్తాయి కాబట్టి, అక్కడొక జట్టు, ఇక్కడొక జట్టు ఒకే రోజు, ఒకే గంటలో లెక్కించాలి. లేకపోతే పొద్దున్న గూటి దగ్గర లెక్కపెట్టిన పక్షినే మధ్యాహ్నం ఉప్పుమళ్ల దగ్గర మళ్లీ లెక్కపెడతారు.

చెరువు ఎండిపోయి ఒక్క పక్షి కూడా లేకపోతే, చాలామంది సిగ్గుపడి ఏమీ పంపకుండా ఊరుకుంటారు. పక్షులు లేవన్న సంగతి కూడా మనకు కావలసినదేనని ముందే చెప్పి, సున్నా అని రాయించు. గుర్తింపులో ఎవరైనా పొరబడితే గ్రూపులో నలుగురి ముందు దిద్దవద్దు. పెయింటెడ్ స్టార్క్ పిల్లకు పెద్దదానికుండే గులాబీ రంగు ఉండదు, మాసిన గోధుమ రంగులో ఉంటుంది. దాన్ని మరేదో కొంగ అనుకోవడం కొత్తవారికి మామూలే. విడిగా ఫోన్ చేసి, ముక్కు ఏ రంగులో ఉంది, చివర కిందికి వంగి ఉందా అని అడిగితే, తనంతట తానే దిద్దుకుంటాడు.

సంఘంలో లేనివారిని కూడా నీ పుస్తకంలోకి ఎక్కించు. తేలుకుంచిలో నత్తగుల్ల కొంగలు ఏ వారంలో దిగాయో మన సభ్యులకన్నా ముందు ఆ ఊరివారికే తెలుస్తుంది. 1900 తరువాత ఎవరి కంటా పడని కలివికోడి అనే అరుదైన పక్షి 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికిందంటే, బొంబాయి నుంచి వచ్చిన శాస్త్రజ్ఞుల పట్టుదలతోపాటు, రాత్రిపూట దాన్ని పట్టుకున్న ఐతన్న అనే స్థానిక వేటగాడు కూడా అందుకు కారణం. అయితే గూళ్లు ఎక్కడున్నాయో మాత్రం బయటివారికి చెప్పవద్దు. కెమెరాలు పట్టుకుని గూటి కిందికే వెళ్లేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు.

డబ్బు నీ చేతి మీదుగా నడవనివ్వకు, చందాలు నేరుగా కోశాధికారికే వెళ్లాలి. అటవీ శాఖ అనుమతి కావలసిన చోటికి సంఘం పేరున ముందుగా ఉత్తరం పంపు. డిసెంబరు మొదటి వారంలోగా తేలినీలాపురం, నౌపడ జట్ల పేర్లు నాకు అందితే, బైనాక్యులర్స్ లేనివారికి సంఘం దగ్గరున్నవాటిని సర్దుతాను.

ఆశీస్సులతో,
పెదనాన్న