మొదటి పేజీని ఇక ముట్టుకోకు

చిరంజీవికి,

పార్సిలు అందింది. లారీ క్లీనరు కుర్రాడి కథ 38 పేజీలూ చదివాను. మొదట వరసలో, తర్వాత చివరి పేజీ నుంచి వెనక్కి. ఎవరి బొమ్మల కథ వచ్చినా నేను ఇలాగే చూస్తాను. వెనక నుంచి తిప్పితే కథ అడ్డురాదు, గీత ఒక్కటే కనబడుతుంది. నీ మొదటి పేజీలో లారీ గాలిలో తేలుతోంది. 38వ పేజీలో లారీకి బరువుంది, టైరు రోడ్డును నొక్కుతోందని తెలుస్తోంది. రెండింటి మధ్య ఆరేళ్లు గడిచాయని రాశావు. ఈ ఆరేళ్లలో మొదటి పేజీని మూడుసార్లు మళ్లీ వేశానని, నాలుగోసారి వేస్తే మిగతా కథకు సరితూగుతుందేమోనని అడిగావు.

వేయకు.

వచనం రాసేవాళ్లకు ఈ చిక్కు ఇంత గట్టిగా ఉండదు. పాత అధ్యాయం నచ్చకపోతే ఒక రాత్రి కూర్చుని దిద్దుకుంటారు. నీకు ఒక పేజీ అంటే పెన్సిలు, ఇంకు, అక్షరాలు, నలుపు నింపడం అన్నీ కలిపి రెండు ఆదివారాలు. 38 పేజీలూ మళ్లీ వేయాలంటే ఏడాదిన్నర. ఆ ఏడాదిన్నరలో నీ చెయ్యి ఇంకా కుదురుకుంటుంది కనుక, చివరికి వచ్చేసరికి మొదటి పేజీ మళ్లీ వెలవెలబోతుంది. ఉద్యోగం చేసుకుంటూ బొమ్మల కథ మొదలుపెట్టినవాళ్లు సోమరితనం వల్ల మానేస్తారని అందరూ అంటారు. నేను చూసిన వాటిలో చాలా కథలు చెయ్యి బాగుపడటం వల్లే ఆగిపోయాయి.

గీత మారిందని పాఠకుడికి తెలియదా అంటే, తెలుస్తుంది. పది పేజీలు దాటాక మర్చిపోతాడు. మనిషిని గుర్తుపట్టగలిగితే అతనికి చాలు. నీ కుర్రాడి మెడలో గళ్ల తువ్వాలు ప్రతి పేజీలోనూ ఉంది. అది ఉన్నంతవరకు ముక్కు ఎన్నిసార్లు మారినా వాడు వాడే. ఆ తువ్వాలు నువ్వు ఆలోచించి పెట్టావో, అలా కుదిరిందో నాకు తెలియదు కానీ, నీ ఆరేళ్లనూ కలిపి కుట్టింది అదే.

మళ్లీ వేయడమే తప్పని అనను. టిన్‌టిన్ అనే కుర్ర విలేకరి బొమ్మల కథలను సృష్టించిన బెల్జియం చిత్రకారుడు ఎర్జే తన తొలి కథల్లో చాలావాటిని 1940లలో రంగుల్లోకి మారుస్తూ, 62 పేజీలకు కుదించి, మళ్లీ వేశాడు. అయితే అవి అప్పటికే ముగిసి, అచ్చయి, పిల్లల చేతుల్లో నలిగిన పుస్తకాలు. 1929లో మొదలైన మొట్టమొదటి కథను మాత్రం మళ్లీ వేయకుండా వదిలేశాడు. ఆ ముతక గీతలతోనే అది ఈనాటికీ అమ్ముడవుతోంది. 1983లో ఆయన పోయేనాటికి చేతిలో ఉన్న కథ పెన్సిలు చిత్తులుగా మిగిలింది. మూడేళ్ల తర్వాత ఆ చిత్తులనే పుస్తకంగా వేశారు. టిన్‌టిన్‌ను విగ్రహంగా పోతపోయడానికి శత్రువులు తీసుకుపోతుండగా కథ ఆగిపోతుంది. ఎర్జే చిత్తులను లోకం డబ్బిచ్చి కొనుక్కుంటుంది. నీ చిత్తులూ నా చిత్తులూ అటకెక్కుతాయి.

ఇక ముగింపు సంగతి. ఢిల్లీ దాకా 120 పేజీలు అనుకున్నావు. విజయవాడలో బయల్దేరిన లారీ 38 పేజీల్లో ఆదిలాబాద్ చేరింది. మిగిలిన 82 పేజీలకు నీ లెక్కన మూడేళ్లు దాటుతుంది. ఢిల్లీలో ఏం జరుగుతుందో రాసిన కాగితం కూడా చదివాను. అక్కడ చెప్పుకోదగ్గది ఏమీ జరగడం లేదు. ఈ కథ అసలు దేని గురించి? చదువురాని డ్రైవరుకు కుర్రాడు దారిపొడుగునా బోర్డులు చదివి వినిపించడం గురించి. ఆదిలాబాద్ దాటాక పెన్‌గంగ వస్తుంది. వంతెన అవతల మహారాష్ట్ర. అక్కడి నుంచి తెలుగు బోర్డులు ఉండవు. కుర్రాడికి నోరు పెగలదు. ఏళ్ల తరబడి ఆ దారిలో బండి నడిపిన డ్రైవరు చూసిన గుర్తుతోనే ఊళ్ల పేర్లు చెప్పడం మొదలుపెడతాడు. నీ ముగింపు వంతెన దగ్గరే ఉంది, ఢిల్లీలో వెతుకుతున్నావు. దీనికి పది పేజీలు చాలు. చివర ‘మొదటి భాగం సమాప్తం’ అని మాత్రం రాయకు. ఆ మాట అప్పుపత్రం లాంటిది, ఇంకో ఆరేళ్లు నిన్ను పట్టుకుంటుంది.

ఆ పది పేజీలకు ముందు చిత్తు బొమ్మలు వేసుకో, అన్నీ ఒక్క రోజులో. అమెరికాలో స్కాట్ మెక్‌క్లౌడ్ అనే చిత్రకారుడు 1990లో 24 గంటల్లో 24 పేజీల కథ పూర్తిచేయాలని పందెం పెట్టాడు. ఆయన, ఆయన స్నేహితుడు ఇద్దరూ నెమ్మదిగా వేసేవాళ్లే, అందుకే ఆ పందెం. తర్వాత చాలామంది ప్రయత్నించారు. గడియారం ఆగగానే ఉన్నచోట ఆపేసినవాళ్లూ ఉన్నారు, గడువు దాటినా 24 పేజీలు నింపాకే లేచినవాళ్లూ ఉన్నారు. ఈ రెండు ఓటములనూ గౌరవమైనవిగానే లెక్కేశారు. నువ్వు రెండో రకం ఓడిపో.

గడువు లేదని బాధపడ్డావు. అది నిజమైన లోటే. బుజ్జాయి గారు డుంబు బొమ్మల కథను వేసినా, మాలాంటివాళ్లం సీరియల్స్‌కు బొమ్మలు వేసినా, వెనక వారపత్రిక ఉండేది. సాయంత్రానికి ఆఫీసు అటెండరు వచ్చి వాకిట్లో కూర్చునేవాడు, బొమ్మ ఇవ్వందే కదిలేవాడు కాదు. ఇంకు ఆరకముందే పట్టుకుపోయిన రోజులున్నాయి. ఇప్పుడు నీ వాకిట్లో ఎవరూ కూర్చోరు కనుక ఒక తేదీ పెట్టుకో. డిసెంబరులో హైదరాబాద్ పుస్తక ప్రదర్శన, ఆ తర్వాత విజయవాడ పుస్తక మహోత్సవం ఉన్నాయి. టోక్యోలో ఏడాదికి రెండుసార్లు కొమికెట్ అనే సంత జరుగుతుంది. 1975 డిసెంబరులో 32 బృందాలతో చిన్నగా మొదలై, లక్షల మంది వచ్చేంత పెద్దదైంది. ఎవరి కథ వాళ్లే వేసుకుని, అచ్చేసుకుని, బల్ల మీద పెట్టి అమ్ముతారు. ప్రెస్సు గడువు తప్పినవాళ్లు ముందు రాత్రి జిరాక్సు తీసి, తామే పిన్నులు కొట్టి తెస్తారు. కొనేవాళ్లు వాటినీ కొంటారు.

నీదీ అలాగే వేయవచ్చు. 38కి పది కలిపితే 48. ఎ4 కాగితాన్ని మధ్యకు మడిస్తే నాలుగు పేజీలు, అంటే పన్నెండు కాగితాలు. పై కాగితం మీద ఒకవైపు 48, 1 పక్కపక్కన, రెండోవైపు 2, 47 రావాలి. ముందు తెల్లకాగితాలు మడిచి అంకెలు వేసి చూసుకో, లేకపోతే లారీ ఆదిలాబాద్ నుంచి సూర్యాపేటకు వస్తుంది. పొడుగు చేతి స్టేప్లరుతో మడత మీద రెండు పిన్నులు చాలు. రాత్రి పేజీల్లో నిండు నలుపు వాడావు, అది జిరాక్సులో మచ్చలు మచ్చలుగా వస్తుంది. ఆ పేజీలను 600 డీపీఐలో స్కాను చేసి లేజరు ప్రింటు తీయించు.

అక్షరాల విషయంలో కొంచెం గట్టిగా చెప్పాలి. నువ్వు ఎ3 మీద వేస్తున్నావు, పుస్తకం ఎ5లో వస్తుంది. అన్నీ సగానికి తగ్గుతాయి. బొమ్మ తట్టుకుంటుంది, మన లిపి తట్టుకోదు. ‘రాష్ట్రం’ అని రాసిన చోట కింద ఒత్తులు కలిసిపోయి సిరా చుక్క అయిపోయింది. నువ్వు మాటల బెలూను ముందు గీసి, మాటలు అందులో ఇరికిస్తున్నావు. మాటలు ముందు రాయి. పైన గుడికి, కింద ఒత్తుకు చోటు వదిలి వరసలు పెట్టి, ఆ తర్వాత చుట్టూ బెలూను గీయి. మాట పట్టకపోతే బెలూనును పెంచకు, మాటను తగ్గించు. పాత పేజీల్లో నువ్వు ముట్టుకోదగ్గవి ఇవే. తెల్ల కాగితం ముక్క మీద కొత్తగా రాసి బెలూను మీద అంటించు. బొమ్మ జోలికి పోకు. 22వ పేజీలో దాబా దగ్గర ఇద్దరూ మాట్లాడకుండా తింటారు చూడు, కథలో నాకు బాగా నచ్చింది అదే. అక్కడ మాత్రం ఒక్క అక్షరం కూడా చేర్చకు.

పూర్తయ్యేదాకా ఎవరికీ పేజీలు పంపించకు. ఫోనులో ముక్కలుముక్కలుగా చూసినవాళ్లు సలహాలిస్తారు, నువ్వు వింటావు, కథ వాళ్లదవుతుంది. పూర్తయ్యాక మాత్రం దాచకు. తొలి ప్రతులు బొమ్మలు వేసే స్నేహితులకు ఇవ్వకు, వాళ్లు నీ లారీ చక్రాలే చూస్తారు. పుస్తకాలు చదివే అలవాటున్న ఇరుగుపొరుగుకు, ఆఫీసులో పక్క సీటువాళ్లకు ఇవ్వు. వీలైతే లారీ నడిపే ఒకరికి ఇచ్చి, ఎక్కడ నవ్వారో, ఎక్కడ ఇలా జరగదన్నారో రాసుకో. ప్రదర్శనలో వెల పెట్టు, కాగితం ఖర్చుకు కాస్త పైన. ఉచితంగా ఇచ్చిన పుస్తకాన్ని మనవాళ్లు భద్రంగా దాచుకుంటారు, చదవరు. చాలామంది ఏమీ అనరు. అది నచ్చకపోవడం కాదు, బొమ్మల కథ గురించి ఏం మాట్లాడాలో తెలియకపోవడం.

నాకు ఒక ప్రతి పంపు, వెల ఎంతో రాయి, డబ్బు పంపుతాను. ఇంకొకటి. 31వ పేజీలో లారీ ఎక్కిన కుక్క 34 తర్వాత మళ్లీ కనబడలేదు. ఎక్కడ దిగిందో ఆ పది పేజీల్లో ఎక్కడో ఒకచోట చూపించు. వంతెన సంగతి వదిలేసి అందరూ ముందు దాన్నే అడుగుతారు.

ఆశీస్సులతో.