పాత పాటలు, కొత్త స్నేహాలు: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: ఘంటసాల పాటల కోసం వాట్సాప్ గ్రూపు నడుపుతున్నాను. నాకు 61 ఏళ్లు. 140 మందిమి ఉన్నాం. ఈమధ్య ఇరవైమంది కాలేజీ పిల్లలు చేరారు. "మీరు పుట్టకముందు సంగతి, మీకేం తెలుసు" అని పెద్దలు కసురుతున్నారు. పిల్లలు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. ఏం చెయ్యాలి?
ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ముందు గుడ్ మార్నింగ్ బొమ్మలు ఆపించండి. రాత్రి పదకొండింటికి ఒకమ్మాయి పాట గురించి అడిగిన ప్రశ్న తెల్లారేసరికి నలభై పూలగుత్తుల కింద పడిపోతుంది. జవాబు రాకపోతే తననెవరూ పట్టించుకోలేదనే అనుకుంటుంది. వాట్సాప్‌లోనే కమ్యూనిటీ (కొన్ని గ్రూపులను ఒకే గొడుగు కింద ఉంచే ఏర్పాటు) తెరిచి, పాటలకొక గ్రూపు, కబుర్లకొక గ్రూపు పెట్టండి.

"ఒరే అబ్బాయ్", "అంకుల్" రెండూ వద్దు. అందరినీ పేరు చివర గారు చేర్చే పిలవాలి.

ఏం చెప్పినా ఆధారం చూపాలి: రికార్డు లేబుల్ ఫొటో, సినిమాహాల్లో అమ్మిన పాటల పుస్తకం, ఏదైనా సరే. టైటిల్స్ ఒక్కటే చాలవు. 'మాయాబజార్' (1957)కి తెరమీద సంగీతం ఘంటసాల పేరే ఉంటుంది, కానీ అందులో నాలుగు పాటల బాణీలు సాలూరి రాజేశ్వరరావువి. ఇలాంటివి పెద్దలకు తెలుసు. ఎక్కడ చదివారో కూడా చెబితే పిల్లలు కసురు లేకుండానే వింటారు.

అన్నిటికంటే మనుషుల్ని దగ్గర చేసేది పని. పెద్దల అటకమీద 78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలపు) రికార్డులుంటాయి, పిల్లలకు కంప్యూటర్ తెలుసు. జోడీలు కట్టి, నెలకు నాలుగు రికార్డులు కంప్యూటర్లోకి ఎక్కించమనండి. ఎల్‌పీ (తర్వాత వచ్చిన, ఎక్కువసేపు మోగే రికార్డు) ముల్లు వాడొద్దు. అది సన్నం కాబట్టి వెడల్పాటి గాడి అడుగున ఊగుతూ బరబరమంటుంది. 78కి సుమారు 0.003 అంగుళాల ముల్లు విడిగా కొనాలి. వేవ్ ఫైలుగా (శబ్దాన్ని కుదించకుండా ఉంచే రకం) దాచి, సినిమా, సంవత్సరం, గాయకులు, రికార్డు నంబరు ఫైలు పేరులోనే రాయండి. గ్రూపులో డాక్యుమెంటుగా పంపితే ఆ పేరు చెదరదు.

ప్రశ్న: నాకు 17. పాటల గ్రూపులో ఒక పెద్దాయన రాగాలు చక్కగా చెప్పేవారు. ఇప్పుడు విడిగా మెసేజ్‌లు పెట్టి ఫొటో అడుగుతున్నారు, ఇంట్లో చెప్పొద్దంటున్నారు. అనుమానించడం నా తప్పా?
ఒక విద్యార్థిని, వరంగల్

జవాబు: నీ తప్పు ఏమాత్రం లేదమ్మా. రాగం చెప్పడానికి ఫొటో అక్కర్లేదు, ఇంట్లో దాచాల్సిన పనీ లేదు. ఆయన చెప్పిన పాఠం మంచిదే కావచ్చు, దానికి నువ్వు బాకీ పడలేదు.

బ్లాక్ చెయ్యకముందే నంబరు, తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్లు తీసుకో. తొందరపడి చాట్ చెరిపేస్తే చూపించడానికి ఏమీ మిగలదు. అవి ఇంట్లో ఒకరికి ఈరోజే చూపించు. తర్వాత రిపోర్ట్ కొట్టి బ్లాక్ చెయ్యి, అడ్మిన్‌కు చెప్పు. ఇంట్లో చెప్పడం కష్టమైతే 1098కి ఫోన్ చెయ్యి. అది పిల్లల హెల్ప్‌లైన్, పద్దెనిమిది నిండనివారందరికీ. బెదిరింపు వస్తే పోలీసులకు చెప్పాలి, పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం నీకు వర్తిస్తుంది.

అడ్మిన్లకు ఒక మాట: వాట్సాప్ గ్రూపులో ఫోన్ నంబరు మామూలుగా అందరికీ కనిపిస్తుంది. చిన్నవాళ్లుంటే టెలిగ్రామ్ మేలు. అందులో ప్రైవసీ సెట్టింగుల్లో ఫోన్ నంబరు ఎవరికీ కనబడకుండా పెట్టుకోవచ్చు. ఆ పని వాళ్లచేత చేరినరోజే చేయించండి. పద్దెనిమిది నిండనివారికి పెద్దలు విడిగా మెసేజ్ పెట్టకూడదనే నియమాన్ని పైన పిన్ చెయ్యండి.

ప్రశ్న: గ్రూపులో పరిచయమైన పదహారేళ్ల కుర్రాడు మా ఇంటికొచ్చి రికార్డులు చూస్తానంటున్నాడు. నాకు 70. రమ్మనవచ్చా?
ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: తప్పకుండా. ముందు వాళ్ల అమ్మానాన్నలతో ఫోన్లో మాట్లాడండి. మొదటిసారి వాళ్లలో ఒకరిని వెంటబెట్టుకు రమ్మనండి. రికార్డులు తుడవబోతే స్పిరిట్ మాత్రం ఇవ్వకండి. 78లు లక్కతో చేసినవి, స్పిరిట్‌కు కరిగిపోతాయి.